కారు కింద కూర్చుంటే కొంపేం మునిగింది?

"వాడి కారు, వాడిష్టం. నీకెందుకమ్మా?" అంది మా అమ్మాయి ఫోన్లో. అంతకుముందు మావారూ ఆ మాటే అన్నారు. ఎదురింటావిడా ఆ మాటే అంది. ముగ్గురు ఒకే మాటంటే అది నిజమే కాబోలనుకునే మనిషిని నేను. కానీ ఈ ఒక్క సంగతిలో మాత్రం ముగ్గురితోనూ పోట్లాడదలిచాను. మీరు పెద్దమనుషులుగా కూర్చుని తీర్పు చెప్పండి.

మా అబ్బాయి మా కారుని పొట్టిది చేశాడు.

నవ్వకండి. మాది స్విఫ్టు కారు. చక్రాల దగ్గరుండే స్ప్రింగులు తీసేసి, వాటికంటే పొట్టివీ గట్టివీ అయిన స్ప్రింగులు వేస్తే కారు నేలకి దగ్గరగా కూర్చుంటుందిట. చూడ్డానికి పందెం కారులా ఉంటుందిట. "ఎంత దిగుతుందిరా?" అన్నాను. "35 మిల్లీమీటర్లేనమ్మా" అన్నాడు. మిల్లీమీటర్లలో చెబితే నాకు అందదని వాడి ధైర్యం. ముప్ఫై ఏళ్ళుగా నా జాకెట్లు నేనే కుట్టుకుంటున్నాను, నాకు కొలతలు తెలీవా? అంగుళంన్నరకి నూలువాసి తక్కువ. జాకెట్టు చేతిలో అంగుళంన్నర తగ్గితే ఎవరికీ ప్రాణంమీదకి రాదు. కారు పొట్ట కింద తగ్గితే ఏమవుతుందో అనుభవించాక రాస్తున్నాను.

పని మెకానిక్కుకి ఇచ్చాడా? లేదు. "సెలవురోజు ఇంట్లో చేసుకునే పనమ్మా, నాలుగు గంటలు" అన్నాడు. శనివారం పొద్దున్న ఏడింటికి పోర్టికోలో మొదలుపెట్టాడు. నేను కాఫీ తీసుకెళ్ళేసరికి కారు ముందుచక్రం ఊడదీసి ఉంది. కారంతా డిక్కీలో స్టెప్నీ పక్కన ఉండే చిన్న జాకీ మీద నిలబడి ఉంది. మావాడి తల చక్రం ఉండాల్సిన చోట ఉంది!

నేను మెకానిక్కుని కాను. కానీ కారుతోపాటు ఇచ్చిన పుస్తకం ఆ ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే. ఆ జాకీ టైరు మార్చుకోవడానికి మాత్రమే, దాన్ని నమ్మి కారు కిందికి దూరకండి అని అందులో స్పష్టంగా ఉంది. ఆ పేజీ తెచ్చి చూపిస్తే వాడు నవ్వాడు. మావారు "నువ్వూరుకోవే, వాడికి తెలుసు" అన్నారు. నేను ఊరుకోలేదు. పీట తెచ్చుకుని కారు ముందు కూర్చున్నాను. "ఇనప స్టాండ్లు తెచ్చి కారుని వాటిమీద నిలబెట్టిందాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అన్నాను. తొమ్మిదింటికి స్టాండ్లు వచ్చాయి. పీట మాత్రం నేను తియ్యలేదు. ఆ రోజంతా అక్కడే కూర్చుని కూర తరుగుతూ, బియ్యం ఏరుతూ చూశాను. అందుకే ఇంత ధైర్యంగా వాదిస్తున్నాను.

ముందుచక్రం దగ్గర షాక్ అబ్జార్బరు చుట్టూ స్ప్రింగు చుట్టుకుని ఉంటుంది. రెండూ కలిపి ఊడదియ్యాలి. ఆ స్ప్రింగు ఊరికే ఉన్న స్ప్రింగు కాదు. కారు ముందుభాగం బరువులో తన వంతు రెండు క్వింటాళ్ళకి పైగా మోస్తూ, నొక్కుకుపోయి ఉండేది. కారునించి విడదీసినా పైన ఒక నట్టు దాన్ని అలా నొక్కిపట్టే ఉంచుతుంది. కనుక ముందు రెండు పక్కలా రెండు కొక్కేల మరలు తగిలించి, అటో చుట్టు ఇటో చుట్టు సమానంగా బిగించి, స్ప్రింగుని ఇంకాస్త నొక్కి, అప్పుడు పై నట్టు విప్పాలి. మావాడికి ఆకలి వేస్తోంది. ఒక పక్క రెండు చుట్లు ఎక్కువ తిప్పాడు. నట్టు విప్పాడో లేదో, ఒక కొక్కెం జారింది.

ఆ చప్పుడు మీకు మాటల్లో చెప్పలేను. స్ప్రింగు మీది ఇనపబిళ్ళ ఎగిరివెళ్ళి నా మందారం కుండీని ముక్కలు చేసింది. కుండీకీ మావారి మోకాలికీ మధ్య జానెడు దూరం ఉంది. తండ్రీ కొడుకూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "ఏం కాలేదుగా" అన్నారు మావారు. మన ఇళ్ళల్లో ఈ మాటని మించిన ప్రమాదకరమైన మాట మరోటి లేదు. ఏం కాకపోతే మళ్ళీ చెయ్యొచ్చని అర్థం!

వెనక స్ప్రింగులు తేలిగ్గానే వచ్చాయి. షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు విప్పితే ఇరుసు కిందికి దిగింది, స్ప్రింగు చేతికొచ్చింది. నాలుగు గంటల పని రాత్రి ఏడున్నరకి అయింది. నిజం చెప్పొద్దూ, కారు అందంగానే ఉంది. గోడమీది పిల్లి దూకబోయే ముందు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నట్టుంది. మర్నాడు అత్తయ్యగారు గుడికి వెళ్దామని ఎక్కబోయి, సీటు ఇంకా పైనే ఉందనుకుని ధబ్బున కూలబడ్డారు. దిగేటప్పుడు ఇద్దరం చెరో చెయ్యీ పట్టి లేవదీశాం. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ అంగుళంన్నర ఒక మెట్టు.

"మలుపుల్లో కారు ఎంత నిబ్బరంగా ఉంటుందో తెలుసా?" అని మావాడి వాదన. ఒప్పుకుంటాను. బరువు కిందికి దిగితే ఒరుగు తగ్గుతుంది, అది శాస్త్రమే. కానీ బీసెంట్ రోడ్డులో ఎడ్లబండి వేగంతో పోయేవాడికి ఏ మలుపులో ఆ నిబ్బరం పనికొచ్చిందో చెప్పమనండి. మనకి రోజూ ఎదురయ్యేవి మలుపులు కావు, స్పీడు బ్రేకర్లు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి లెక్క ప్రకారం స్పీడు బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ముందుచక్రాలకీ వెనకచక్రాలకీ మధ్య మా కారుకి 2.45 మీటర్ల దూరం. అంటే సరైన బ్రేకరైతే కారు మొత్తం మెల్లిగా దానిమీదికెక్కి, మెల్లిగా దిగుతుంది. మరి మన వీధుల్లో ఉన్నవి అలాంటివేనా? ఎవరింటి ముందు వాళ్ళు సిమెంటు పోయించిన గట్లు. సన్నగా, నిటారుగా, గేదె వెన్నులా ఉంటాయి. ముందుచక్రాలు దిగిపోయి వెనకవి ఇంకా ఎక్కకముందే కారు పొట్ట గట్టుమీద పడుతుంది. మా కారు నేలకి 163 మిల్లీమీటర్ల ఎత్తులో పుట్టింది. అందులో 35 తీసేశాడు. అయిదుగురు ఎక్కితే ఇంకాస్త కుంగుతుంది. మిగిలిందెంతో మీరే లెక్కవేసుకోండి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మా అమ్మాయికి ఏడో నెల. మొదటి కాన్పు. పురిటికి తీసుకురావడానికి మంచిరోజు చూసుకుని బెజవాడ నించి తెనాలి బయలుదేరాం. వెళ్ళేటప్పుడు కారు పొట్ట పదకొండుసార్లు గీసుకుంది. లెక్కపెట్టాను. కుదుపులు సరేసరి. పొట్టి స్ప్రింగుకి నొక్కుకునే జాగా తక్కువ, అంచేత దాన్ని గట్టిగా చేస్తారు. పాత స్ప్రింగు మింగేసిన గుంతని ఇది మన నడుముకి అప్పజెబుతుంది. తెనాలిలో మా వియ్యపురాలు గుమ్మంలోకొచ్చి కారుని చూసి, "అదేం వదినగారూ, టైర్లలో గాలి పోయిందా?" అంది.

అప్పుడు తేల్చుకున్నాను. ఏడు నెలల పిల్లని ఆ కారులో ఎక్కించలేదు. వీధిచివర అద్దెకారు మాట్లాడి అందులో తీసుకొచ్చాను. మా కారు, మా డబ్బుతో కొన్న కారు, మా పిల్ల వెనకాల ఖాళీగా వచ్చింది. "నీకెందుకమ్మా?" అని ఫోన్లో అన్న పిల్లే, అద్దెకారులో నా భుజంమీద తలపెట్టుకుని "మంచిపని చేశావమ్మా" అంది. ఒక ఓటు నాకు పడింది.

ఈ సరదా మావాడు కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల మెక్సికన్ కుటుంబాల కుర్రాళ్ళు డిక్కీలో ఇసక బస్తాలు వేసీ, స్ప్రింగులు కోసీ కార్లు దించేవారు. చక్రపు రిమ్ము అడుగుకంటే కారులో ఏ భాగమూ కిందికి రాకూడదని 1958లో కాలిఫోర్నియాలో నిబంధన వచ్చింది. 1959లో రాన్ అగిర్రే అనే కుర్రాడు విమానాల్లోని హైడ్రాలిక్ సామాను బిగించి, మీట నొక్కితే కారు లేచేలా చేశాడు. ఆ నిబంధనని 2024లో ఎత్తేశారు లెండి. నేను చెప్పేదేమిటంటే, వాళ్ళ కారు అవసరానికి లేచి నిలబడేది. మాది కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

మన దేశంలో చట్టం సంగతీ అడిగాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణతో, అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికీ 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడొచ్చు. "ఆర్.సి. పుస్తకంలో కారు ఎత్తు రాయలేదుగా" అంటాడు మావాడు. ఆ వాదన ప్లీడరుగారు చెయ్యాలి, నేను కాదు. నేనడిగింది ఒక్కటే: "స్ప్రింగులు మార్చానని ఇన్స్యూరెన్సు వాళ్ళకి చెప్పావా?" చెప్పలేదు. పైకి చెప్పుకోలేని పనికి చట్టం పుస్తకం దాకా ఎందుకు?

ఇక "వాడి కారు, వాడిష్టం" సంగతి. ఎవరి కారండీ? మావారి ప్రావిడెంటు ఫండు సగం, నా నల్లపూసల గొలుసు బ్యాంకులో పెట్టిన డబ్బు కొంత, వాడి జీతంలోంచి కట్టే వాయిదాలు మిగతా. పేరు వాడిది, ప్రయాణం ఆరుగురిది. ఇంట్లో గోడ రంగు మార్చాలంటే ఆరుగురం వారంరోజులు కొట్టుకుంటాం. అత్తయ్యగారి మోకాళ్ళూ, కూతురి కడుపూ మోసే బండి ఎత్తు మార్చడానికి ఒక్కడు చాలా?

నాకు కోపం వాడు చేత్తో పని చేసినందుకని మాత్రం అనుకోకండి. తిన్న కంచం తియ్యని పిల్లాడు రోజంతా గ్రీజులో మునిగి, ఏ బోల్టు ఏ డబ్బాలో పెట్టాడో రాసిపెట్టుకుంటూ పనిచేస్తుంటే ముచ్చటేసింది. ఆ శ్రద్ధలో వీసమెత్తు మిక్సీ మీద చూపిస్తే నా జన్మ ధన్యమయ్యేది. ఇంట్లో చెయ్యకూడదని కాదు నేననేది. చేస్తే స్టాండ్లమీద నిలబెట్టి చెయ్యాలి. స్ప్రింగు నొక్కే పని చేతకాకపోతే దాన్ని మాత్రం షెడ్డుకి పట్టుకెళ్ళాలి. స్ప్రింగు మారితే చక్రాల కోణం మారి టైర్లు లోపలి అంచున అరుగుతాయి కనుక వెంటనే ఎలైన్‌మెంటు చేయించాలి. అన్నిటికంటే ముందు, ఆ కారు ఎక్కేవాళ్ళందర్నీ అడగాలి. అమ్మలం మనం "మగపిల్లాడి సరదా" అని తలుపేసుకుని వంటింట్లోకి పోతే ఆ అడగడమనేది వాళ్ళకి ఎప్పటికీ అలవాటు కాదు.

పాత స్ప్రింగులు నాలుగూ అటకమీద, ఆవకాయ జాడీల పక్కన దాచి ఉంచాను. పురుడు రాబోయే నెలలో. ఆసుపత్రికి మన కారులోనే తీసుకెళ్ళాలని వాడికి ఉందిట. నిన్న రాత్రి భోజనాల దగ్గర మెల్లిగా, "ఆ స్ప్రింగులు కాస్త కిందికి దించవే అమ్మా" అన్నాడు.

రేపు శనివారం. స్టాండ్లు తుడిచి పోర్టికోలో పెట్టాను. నా పీట కూడా.