లాఠీకీ లెక్కుండాలి

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో రాస్తారోకోలో లాఠీలు లేచాయంటే, మర్నాడు టీ కొట్టు దగ్గర ఒకటే చర్చ: 'ముందు రాయి విసిరిందెవరు?' అవసరమైన ప్రశ్నే. అక్కడితో ఆగితే మాత్రం తీర్పు సగమే.

కరెంటు ఛార్జీల పెంపుపై 2000 ఆగస్టు 28న అసెంబ్లీకి బయల్దేరిన జనంపై హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. భూముల కోసం 2007 జులై 28న బంద్ చేస్తుంటే ఖమ్మం జిల్లా ముదిగొండలో 7గురు ప్రాణాలొదిలారు. రెండుచోట్లా రాళ్లు రువ్వారన్నది పోలీసుల మాట.

వెళ్లిపొమ్మన్నా కదలని గుంపుపై బలం వాడొచ్చని చట్టమే చెబుతోంది. కాబట్టి మనం అడగాల్సినవి మూడు. ముందుగా హెచ్చరించారా? వెళ్లేందుకు దారి వదిలారా? పారిపోతున్నవాడి వీపు మీద దెబ్బెందుకు పడింది?

రాయి విసిరినవాణ్ని కోర్టులో నిలబెట్టొచ్చు. పోయిన ప్రాణాన్ని ఏ కోర్టూ తెచ్చివ్వలేదు.