అద్దెకు వచ్చువాని ఆరా

వాకిటి గేటునకు టులెట్ బోర్డు వ్రేలాడదీసిన దినముననే ఇంటి యజమాని మనస్సులో ఒక శంక మొలకెత్తును. వచ్చువాడు నెలనెలా అద్దె చెల్లించునో, చెల్లింపక వాయిదాలు చెప్పునో, ఖాళీ చేయుమన్నప్పుడు మర్యాదగా చేయునో, న్యాయస్థానపు మెట్లెక్కించునో యని ఆయన తలపోయుట తప్పుకాదు. పింఛనుతోపాటు మేడమీది వాటా అద్దెయే ఆధారముగా కాలము వెళ్ళబుచ్చు విశ్రాంతోద్యోగికి ఒక్క మొండివాడు దాపురించినను సంసారము తలక్రిందులగును. పూర్వము ‘మీదే ఊరు, ఎవరి తాలూకు’ అను రెండు ప్రశ్నలతో ఈ విచారణ ముగిసెడిది. నేడు నగరములలో ఆ ఆరా సెల్‌ఫోనులోనికిని, అచ్చటినుండి ప్రైవేటు డిటెక్టివుల చేతిలోనికిని పోవుచున్నది. విచారించుట యజమాని హక్కే. కాని ఎదుటివానికి తెలియకుండ విచారించి, కారణము చెప్పకుండ కాదనుట న్యాయము కాదు.

ముందుగా బహిరంగ రికార్డుల మాట. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కక్షిదారు పేరుతో వ్యాజ్యములను వెదకు సౌకర్యము ఎల్లరకును కలదు. ఇల్లు చూడవచ్చిన కె. శ్రీనివాసరావు మెట్లు దిగకమునుపే యజమాని కుమారుడు ఆ పేరును వెదకెననుకొందము. చెల్లని చెక్కు కేసు ఒకటి, అన్నదమ్ముల భాగపంపకపు దావా ఒకటి, విడాకుల పిటిషను మరొకటి తెరమీద వరుసకట్టును. వారిలో మన శ్రీనివాసరావు ఎవరు? కె అనగా కోటయా, కందులయా, కొమ్మినేనియా? ఇంటిపేరును ఒక్క అక్షరమునకు కుదించి, వీథికొక శ్రీనివాసుని, సందునకొక వేంకటేశ్వరుని నిలుపుకొన్న మనకు పేరునుబట్టి మనిషిని తేల్చుట ప్రమాదకరము.

పేరు సరిపోయినను చిక్కు తీరదు. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను వెబ్‌సైటులలో ఉంచవలెనని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించినది నిందితుని సౌలభ్యముకొరకే కాని, ఇండ్లవారు తీర్పులు చెప్పుటకు కాదు. ఎఫ్‌ఐఆర్ అనగా ఫిర్యాదు, తీర్పు కాదు. అడ్వాన్సు తిరిగి ఇయ్యని పాత యజమానిపై దావా వేసిన పాపమునకు నిజాయితీపరుడును ‘కోర్టు పక్షి’గా ముద్రపడవచ్చును. గతమున యజమానితో వ్యాజ్యము నడిపెనన్న కారణమున ఇల్లు నిరాకరింపరాదని న్యూయార్క్ రాష్ట్రము 2019లో చట్టము చేసినది ఈ అన్యాయమును గుర్తించియే.

ఇక డిటెక్టివు సంగతి. కావలివారిని సమకూర్చు సంస్థలకు 2005 నాటి చట్టము లైసెన్సును విధించినది. డిటెక్టివులను అదుపుచేయుటకు 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు మాత్రము చట్టము కానేలేదు. కావున అతడు ఎవరిని అడుగునో, ఏమి వ్రాయునో అడుగువారు లేరు. పాత అపార్టుమెంటు వాచ్‌మన్‌ను టీకొట్టు చెంత నిలిపి, ‘ఆ అమ్మాయి రాత్రి ఎన్నింటికి వచ్చును, ఎవరు దింపుదురు’ అని అడుగును. ఆమె నైట్‌షిఫ్టు ఉద్యోగిని యన్న సంగతి నివేదికకెక్కదు. దసరా మామూలు ముట్టని వాచ్‌మన్ కోపము మాత్రము ‘నడవడి సందేహాస్పదము’ అను రూపమున ఎక్కును. ఎదుట అడుగుటకు నోరాడని కులమును, వంటింటి మాంసమును చాటుగా కనుగొనుటకు ఇది రాచబాటయైనది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము 2017లో చెప్పిన మాట ఇంటి గడపలు దాటి రాలేదు.

మన పిల్లలు డల్లాసులోనో, న్యూజెర్సీలోనో అపార్టుమెంటునకు దరఖాస్తు పెట్టినప్పుడును వారి పూర్వాపరములను శోధింతురు. అయితే 1970 నాటి అమెరికా చట్టము ప్రకారము నివేదికనుబట్టి కాదన్నచో ఆ సంగతిని, నివేదిక నిచ్చిన సంస్థ పేరును తెలుపవలెను. 60 దినములలోపల అడిగినవానికి ఆ సంస్థ నివేదిక ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. అందలి తప్పును అతడు ప్రశ్నింపవచ్చును. అచ్చట మన బిడ్డకు దొరకు ఈ పాటి మర్యాద ఇచ్చట మన వాకిటికి వచ్చిన పరాయి బిడ్డకు దొరకవలదా?

యజమానికి వలసిన ఆధారములు కొలదియే: అంకెలు కొన్ని మరుగుపరచిన ఆధార్ ప్రతి, ఉద్యోగ ధ్రువపత్రము, పాత యజమాని ఫోను నంబరు, పోలీసువారికిచ్చు అద్దెదారు వివరముల ఫారము, వ్రాతపూర్వకమైన ఒప్పందము. ఇవన్నియు వచ్చినవానిని కూర్చుండబెట్టి అడిగి తీసికొనదగినవి. అద్దెకు వచ్చువాడును పన్ను రసీదును చూపుమనుటకు, మునుపున్నవారికి అడ్వాన్సు తిరిగి వచ్చెనో లేదో కనుగొనుటకు సంకోచింపరాదు.

గృహస్థులకు నా మనవి ఒక్కటే. ఇల్లు ఇయ్యజాలనిచో ‘మా బంధువులు వచ్చుచున్నారు’ అని బొంకక, అసలు కారణమును వచ్చినవానికే చెప్పుడు. మీకు దొరికిన కేసు వేరొక శ్రీనివాసరావుదైనచో, ఆ మాట చెప్పుకొనుటకు ఆయనకు అవకాశము చిక్కును.