మిర్చి రద్దీకి ముందే గిడ్డంగి ప్లాట్‌ఫారం సిద్ధపడాలి

గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ రాబడి సంక్రాంతి తరువాత పుంజుకుని, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఉధృతంగా సాగడం ఏటా ఉన్నదే. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోగా అమ్ముడుపోని సరుకు, మంచి ధర కోసం రైతులు, వ్యాపారులు నిలవ పెట్టదలచిన సరుకు చుట్టుపక్కల శీతల గిడ్డంగులకు తరలుతుంది. ఈ మూడు నెలలూ తేజ ధర ఎంత, బాడిగ ధర ఎంత, తాలుకాయకు గిరాకీ ఉన్నదా లేదా అన్న చర్చ తెల్లవారింది మొదలు సాగుతూనే ఉంటుంది. టిక్కీలు దిగే ప్లాట్‌ఫారం ఏ స్థితిలో ఉన్నదన్న విషయం మాత్రం గేటు ముందు లారీలు బారులు తీరిన తరువాతగాని ఎవరికీ గుర్తు రాదు. రైతుకు దక్కే సొమ్ములో కొంత భాగం ఆ ప్లాట్‌ఫారం మీదనే తేలిపోతున్నది కనుక ఈ విషయాన్ని జనవరిలోనే పట్టించుకోవడం అవసరం.

కాటాల సంగతి ముందు

సిద్ధం చేయవలసిన వాటిలో మొదటిది కాటా. వే బ్రిడ్జి అయినా, ప్లాట్‌ఫారం మీద టిక్కీలు తూచే ఎలక్ట్రానిక్ కాటా అయినా సంవత్సరానికి ఒకసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలని 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎగుడుదిగుడు నేల మీద పెట్టిన కాటా, పలక కింద మట్టి, మిరప తొడిమలు చేరిన కాటా ముద్ర ఉండి కూడా తప్పు చూపగలవు.

తేడా చిన్నదని కొట్టిపారేయడానికి వీలులేదు. టిక్కీకి 200 గ్రాముల తేడా వచ్చినదనుకుంటే 200 టిక్కీల లారీకి 40 కిలోలు అవుతుంది. అంటే దాదాపు ఒక టిక్కీ. క్వింటాలు 15 వేల రూపాయల చొప్పున లెక్క కట్టినా లారీకి 6 వేల రూపాయలు. తక్కువ చూపితే రైతు, ఎక్కువ చూపితే కొన్నవారు ఆ మేరకు నష్టపోతారు. ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు ముద్ర వేసిన 20 కిలోల రాళ్లతో సరుకు తెచ్చినవారి ఎదుటనే కాటాను సరిచూస్తే ఈ తగాదా పుట్టదు. అందుకు పట్టే సమయం పది నిమిషాలకు మించదు.

లిఫ్టు నడక

రెండవది లిఫ్టు. గుంటూరు ప్రాంతపు శీతల గిడ్డంగులలో టిక్కీలను అంతస్తులవారీగా పేరుస్తారు. కిందికి ఎంత వేగంగా దింపినా, లిఫ్టు ఎత్తగలిగినంత సరుకే గదికి చేరుతుంది. విడతకు పది టిక్కీలు ఎక్కించే లిఫ్టు అయిదు నిమిషాలకు ఒకసారి తిరిగి వస్తే 200 టిక్కీల లారీ గంటా నలభై నిమిషాలలో ఖాళీ అవుతుంది. తలుపు సరిగా పడక, తాడు సాగి, అంతస్తుకు సరిగా ఆగక అదే లిఫ్టు విడతకు ఎనిమిది నిమిషాలు తీసుకున్నదంటే లారీకి రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. పది లారీలు వచ్చిన రోజున 24 గంటలూ ఆపకుండా పని చేసినా తొమ్మిది లారీలే దిగుతాయి. పదవది మర్నాటి వరుసలో నిలబడుతుంది. మర్నాడు మరో పది వస్తాయి.

సరుకు లిఫ్టులను ఆరు నెలలకు ఒకసారి అర్హత గల నిపుణుడి చేత పూర్తిగా పరీక్ష చేయించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 28వ సెక్షనులో పెట్టారు. శీతల గిడ్డంగులను ఆ చట్టం ఫ్యాక్టరీల కిందనే లెక్కించింది. కార్మిక చట్టాలు తరువాత కోడ్‌ల రూపం దాల్చినా, బరువు మోసే తాడుకు అరుగుదల అరుగుదలే. ఆ పరీక్షలలో ఒకటి జనవరిలో పడేటట్లు చూసుకోవడం తెలివైన పని. రద్దీలో తాడు తెగితే పోయేది సరుకు ఒక్కటే కాదు.

ఎండ, వాన, హమాలీ

ప్లాట్‌ఫారం మీద ఆగిన మిర్చి ఊరికే ఉండదు. ఏప్రిల్ ఎండకు కాయ పెళుసెక్కి విరుగుతుంది, రంగు తగ్గుతుంది, తూకం పడిపోతుంది. అకాల వర్షం పడితే తడిసిన టిక్కీలో బూజు పుడుతుంది. బూజు వలన వచ్చే అఫ్లటాక్సిన్ విషయంలో విదేశీ కొనుగోలుదారులు రాజీ పడరు. యూరపు దేశాల కూటమి మిరపకు పెట్టిన హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు. చిరుగులు లేని టార్పాలిన్లు, ప్లాట్‌ఫారం మీద నీరు కారని రేకుల కప్పు, రాత్రి దిగుమతికి చాలినన్ని దీపాలు ఉండవలసినది ఇందుకే. వీటి ఖర్చు యంత్రాల ఖర్చుతో పోలిస్తే స్వల్పం.

హమాలీల సంగతి మరీ ముఖ్యం. మగవాడు మోయగల బరువు 55 కిలోలు దాటరాదని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసింది. మిర్చి టిక్కీ సాధారణంగా 40, 45 కిలోలు ఉంటుంది కనుక ఆ హద్దు లోపలే ఉన్నట్లు లెక్క. అయితే లారీ అంచుకు, ప్లాట్‌ఫారానికి మధ్య జానెడు సందు ఉండి, దానిపై వేసిన ఇనుప పలక కదులుతూ ఉంటే 45 కిలోలు కూడా నడుము విరిచే బరువే. చక్రాలు తిరగని ట్రాలీని లాగడంకంటే టిక్కీని వీపున వేసుకోవడమే నయమని హమాలీ అనుకుంటాడు. పలకకు కొక్కేలు బిగించి, ట్రాలీ చక్రాలకు గ్రీజు పెడితే కూలి పెంచకుండానే పని వేగం పెరుగుతుంది. ముఠా మేస్త్రీని పిలిచి ఏ పలక జారుతున్నదో, ఏ ట్రాలీ మొరాయిస్తున్నదో ముందే అడిగితే యజమానికి మంచి మరమ్మతు జాబితా దొరుకుతుంది.

ఖర్చు ఎవరిది?

సీజను మూడు నెలలే, తక్కిన కాలమంతా ఖాళీగా ఉండే సామగ్రి మీద పెట్టుబడి ఎందుకని గిడ్డంగుల యజమానులు కొందరు అడగవచ్చు. ఈ వాదన నిలవదు. యార్డు తిరిగి తెరచుకున్న తరువాత కొత్త పంట వచ్చే వరకు ఏసీ సరుకు బయటకు వెళ్లేది ఆ లిఫ్టుల మీదనే, ఆ ప్లాట్‌ఫారాల మీదుగానే. పెట్టిన ఖర్చు వచ్చేటప్పుడు, పోయేటప్పుడు రెండుసార్లు పనికి వస్తుంది.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. గిడ్డంగి ఆలస్యానికి లారీ నిలుపుదల సొమ్ము కట్టేది సాధారణంగా సరుకు తెచ్చినవారే. నష్టం ఒకరిది, సరిచేయవలసిన బాధ్యత మరొకరిది అయినప్పుడు మరమ్మతు వాయిదా పడడం సహజం. రైతు ఆ సొమ్ము కట్టలేక ఆ రోజు దొరికిన ధరకే సరుకు వదులుకుంటే, రద్దీ వలన కలిగిన నష్టం ధరవరల పట్టికలో మార్కెట్టు మందగమనంగా కనిపిస్తుంది.

సంక్రాంతి లోగా కాటాలు, లిఫ్టులు, జనరేటర్లు, అగ్నిమాపక సామగ్రి తనిఖీ ముగించి, ఆ తేదీలను గేటు వద్ద బోర్డు మీద రాయడం ప్రతి గిడ్డంగికీ నియమం కావాలి. రోజుకు ఎన్ని టిక్కీలు దింపగలరో ఆ బోర్డు మీదనే చూపి, అంతవరకే టోకెన్లు ఇవ్వాలి. టోకెను ఇచ్చిన లారీ గడువు దాటి నిలిస్తే ఆ ఖర్చు గిడ్డంగి భరించాలి. మార్కెట్ కమిటీ చొరవ తీసుకుని యజమానులను, కమీషను వ్యాపారులను, లారీవారిని, హమాలీ సంఘాలను ఒకచోట కూర్చోబెడితే ఇది అసాధ్యమేమీ కాదు. ఆ సమావేశం జనవరిలోనే జరగాలి. మార్చిలో జరిగితే అప్పటికే లారీలు రోడ్డు మీద ఉంటాయి.