గెడ్డల మీది వంతెనలు, రెండు జోన్ల మధ్య దస్త్రాలు

దక్షిణ కోస్తా రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
విశాఖపట్నం.



2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండుగా విడదీయడానికి ఆమోదం తెలిపినప్పుడు, పలాస–విశాఖపట్నం–దువ్వాడ మార్గంతో పాటు నౌపడ–పర్లాకిమిడి మార్గం కూడా కొత్త జోన్‌లోని విశాఖపట్నం డివిజన్‌కు దక్కింది; పర్లాకిమిడి దాటి గుణుపురం వరకు సాగే మిగిలిన భాగం తూర్పు కోస్తా రైల్వేలోని రాయగడ డివిజన్‌కు చేరింది. పాలనా సౌలభ్యం దృష్ట్యా ఈ విభజనను తప్పుపట్టవలసిన పని లేదు. అయితే నూట పాతికేళ్లుగా ఒకటిగా ఉన్న ఒక దారి తాలూకు వంతెనల పటాలు, రిజిస్టర్లు, తనిఖీ కాగితాలు ఇకపై రెండు కార్యాలయాలకు పంపకమవుతాయి. ఇటువంటి పంపకాలలో నేటి రైళ్లకు అక్కరలేని పాత కాగితమే మొదట కనుమరుగవుతుంది కనుక, ఆ పని ముగియకముందే తమ దృష్టికి తేవలసిన విషయాలు కొన్ని ఈ లేఖలో ఉన్నాయి.

నౌపడ నుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900 ఏప్రిల్ 1న రైలు నడవడం మొదలైంది. ఉప్పు మళ్లకు పేరుపొందిన నౌపడ వద్ద ప్రధాన మార్గం అంతకు కొన్నేళ్ల ముందే, 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే నిర్మాణంలో భాగంగా వచ్చింది. దానికి తమ రాజధానిని కలుపుకోవడానికి పర్లాకిమిడి గజపతులు సుమారు ఏడు లక్షల రూపాయలు వెచ్చించి దాదాపు 40 కిలోమీటర్ల నేరోగేజి మార్గాన్ని వేయించారు. గేజి అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం; ఈ మార్గంలో అది రెండున్నర అడుగులు, అనగా 762 మిల్లీమీటర్లు. ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన కాల్కా–సిమ్లా మార్గానిదీ ఇదే కొలత. అది 1903లో మొదలైంది కనుక, పర్లాకిమిడి లైట్ రైల్వే అనే ఈ మార్గం దానికంటే మూడేళ్లు పెద్దది. తొలి దశాబ్దమంతా నష్టాలతో నడిచి, తరువాత నిలదొక్కుకున్న ఈ మార్గాన్ని 1929లో ఒకసారి, 1931లో మరోసారి పొడిగించి, వంశధార లోయలోని గుణుపురానికి చేర్చడంతో మొత్తం పొడవు 90 కిలోమీటర్లయింది. శ్రీకాకుళం పరిసరాల్లో పుట్టి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా స్థిరపడిన గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి సవర భాషను అధ్యయనం చేసి రాసిన వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది కూడా ఆ 1931లోనే కావడం కాకతాళీయమే అయినా, కొండకూ తీరానికీ మధ్య రాకపోకలు పెరుగుతున్న కాలాన్ని ఆ రెండూ గుర్తుచేస్తాయి.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు పోయి, టెక్కలి, పాతపట్నం ఇటు మిగిలాయి. సరిహద్దు గీత దారిని అడ్డంగా కోసినా, దాని నిర్వహణ మాత్రం అప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతిలో ఒకటిగానే ఉండిపోయింది. రాష్ట్రాల విభజన చేయని పనిని ఇప్పుడు జోన్ల విభజన చేస్తోంది.

2004లో నేరోగేజి రైళ్లు ఆగిపోయి, 2011లో బ్రాడ్‌గేజి రైళ్లు మొదలయ్యాయి. ఈ మార్పును చూసి నిట్టూర్చవలసిన అవసరం లేదు. మందకొడి బండిలో పూటంతా ప్రయాణించిన టెక్కలి, పాతపట్నం ప్రజలకు అది న్యాయంగా దక్కవలసిన సౌకర్యం. పర్యాటకుల ముచ్చట కోసం చిన్న బండిని మళ్లీ నడపమని అడగడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఆ మార్గపు ఆవిరి ఇంజన్లలో కొన్నింటిని రైల్వే శాఖ ప్రదర్శనకు పెట్టి, మెచ్చుకోదగిన పనే చేసింది. కానీ ఇంజను కొనుక్కువచ్చిన సరుకు. వంతెన ఆ నేలను, ఆ నీటిని కొలిచి అక్కడే కట్టిన నిర్మాణం. చరిత్ర దృష్టితో చూస్తే రెండవదే విలువైన సాక్ష్యం, ఆదరణ మాత్రం మొదటిదానికే దక్కింది.

పాత వంతెనలను ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్నకు పట్టుదలగా సమాధానం వెతికినవారు పైకప్పు ఉన్న కర్ర వంతెనల అభిమానులు. ఉత్తర అమెరికాలోనూ, స్విట్జర్లాండ్ వంటి దేశాలలోనూ, చైనాలోని ఫుజియాన్, జెజియాంగ్ కొండ ప్రాంతాలలోనూ కనిపించే ఈ వంతెనలకు ఇంటికి వేసినట్టే కప్పు వేసి, పక్కలకు పలకలు కొడతారు. ఆ కప్పు ప్రధానంగా వంతెన కోసమే, బాటసారి కోసం కాదు. కర్రలను త్రికోణాలుగా బిగించిన చట్రాన్ని ట్రస్ అంటారు. దాని అతుకులలో వాననీరు నిలిచి కుళ్లితే వంతెన పది ఇరవై ఏళ్లకే కూలుతుంది, కప్పు కింద పొడిగా ఉంటే నూరేళ్లు దాటినా నిలుస్తుంది. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో 391 మీటర్ల పొడవుతో ప్రపంచంలోనే అతి పొడవైన కప్పు వంతెన అయిన హార్ట్‌లాండ్ 1901లో, అంటే నౌపడలో చిన్న రైలు బయలుదేరిన మరుసటి ఏడు, కప్పు లేకుండానే తెరుచుకుంది. 1920లో మంచు దెబ్బకు కొంత భాగం కూలిన తరువాత జరిగిన మరమ్మతుతోనే దానికి కప్పు వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీరంలో ఇటువంటి నిర్మాణాలు లేవు. చెదలు, తుపాను గాలి, ఏటా పొంగే గెడ్డలనే వాగులు ఉన్న చోట ఇటుక, రాయి, ఇనుము ఎంచుకోవడమే సహజం.

ఆ వంతెనల నుంచి ఇక్కడివారు నేర్చుకోదగినది వడ్రంగం కాదు, నమోదు పద్ధతి. అమెరికాలో ఒకప్పుడు పది వేలకు మించి ఉన్న కప్పు వంతెనలు నేడు వెయ్యి లోపుకు తగ్గాయి. 1950లో ఏర్పడిన ఒక స్వచ్ఛంద సంఘం అక్కడివాటితో పాటు ఇతర దేశాల వంతెనలను కూడా ఒకే జాబితాలోకి తెచ్చి, రాష్ట్రానికొక అంకె, జిల్లాకొక అంకె, వంతెనకొక అంకె చొప్పున గుర్తింపు సంఖ్య ఇచ్చి పుస్తకంగా ప్రచురించింది. పల్లె వాగు మీది అనామక వంతెనకు సైతం ఆ సంఖ్యతో ఉనికి ఏర్పడింది; దాన్ని పడగొట్టాలనుకున్నవారికి కనీసం ఎవరికో సంజాయిషీ చెప్పవలసిన పరిస్థితి వచ్చింది. మొత్తం వ్యవహారంలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అయిన పని ఇదే.

భారతీయ రైల్వేలకు ఈ జాబితా కొత్తగా తయారు చేసుకోవలసిన అవసరం లేకపోవడం గమనార్హం. ప్రతి వంతెనకూ వరుస సంఖ్య ఉంటుంది; గట్టుకు ఆనుకుని దూలాల బరువు మోసే చివరి దిమ్మ మీద ఆ సంఖ్యను, నీరు పారే దిక్కును చూపే బాణాన్ని రంగుతో రాస్తారు; ఏటా వానాకాలం తరువాత ఇంజనీరు స్వయంగా చూసి, పగుళ్లనూ పునాది కోతనూ బ్రిడ్జి రిజిస్టరులో నమోదు చేస్తారు. మొత్తం నీటిదారి 18 మీటర్లు గానీ, ఒక్క ఖానా 12 మీటర్లు గానీ అంతకు మించి గానీ ఉంటే అది పెద్ద వంతెన, లేకుంటే చిన్న వంతెన అని లెక్క. ఖానా అంటే రెండు ఆధారాల మధ్యనున్న ఖాళీ. లైట్ రైల్వేలో ఈ రెండో తరగతివే, అంటే తూములు, చిన్న కమానులు, పొట్టి ఇనుప దూలాల వంతెనలే ఎక్కువ, కనుక వారసత్వం పేరు వినగానే అందరి చూపూ మహానదుల మీది మహా నిర్మాణాల వైపు మళ్లే దేశంలో వీటిని పట్టించుకున్నవారు లేరు.

పట్టించుకోవడానికి కారణం అలంకార ప్రాయమైనది కాదు. వంతెన రిజిస్టరు నిజానికి నీటి చరిత్ర. మహేంద్రగిరి వాలున కురిసిన వాన ఏ గెడ్డ గుండా దిగి టెక్కలి చెరువులకు, నౌపడ చిత్తడికి చేరుతుందో 1900 నాటి ఇంజనీర్లు కొలిచి, ఎక్కడ ఎన్ని అడుగుల ఖాళీ వదలాలో నిర్ణయించారు. ఆ తరువాత వచ్చిన ప్రతి పెద్ద వరద ఎంత ఎత్తుకు చేరిందో వరద మట్టపు గుర్తుగా వంతెన ఒంటి మీదా, కాగితాల్లోనూ నిలిచింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు, బాహుదా, వంశధార నదులు పొంగి ఊళ్లను ముంచాయి. పూడిపోయిన గెడ్డల మీద ఇళ్లూ లేఅవుట్లూ వెలసిన నేటి టెక్కలి, పలాస–కాశీబుగ్గ పట్టణాలలో మురుగు కాలువలకు ప్రణాళిక వేసే ఇంజనీరుకు, నూరేళ్ల క్రితం నీరు ఎటు పారేదో చెప్పగల నమ్మకమైన దస్త్రం రైల్వేది కాక మరేదుంటుంది? మూలపేట వద్ద 2023లో మొదలైన రేవు నిర్మాణంతో నౌపడ పరిసరాల్లో కొత్త దారులు, కొత్త కట్టలు రానున్న వేళ ఈ సమాచారానికి వెల మరింత పెరిగింది.

ఇక కర్ర సంగతి. కప్పు వంతెనలు లేని ఈ ప్రాంతంలో కూడా వంతెనల మీద కర్ర ఉండేది. కంకర పరిచిన మామూలు పట్టాల కింద కాంక్రీటు స్లీపర్లు వచ్చిన చాలా కాలానికి కూడా, కంకర లేకుండా నేరుగా ఇనుప దూలాల మీద పట్టాలు పరిచే గర్డరు వంతెనలపై కర్ర స్లీపర్లనే వాడవలసి వచ్చింది. కాంక్రీటు బరువునూ అదురునూ ఆ నిర్మాణం ఒప్పుకోదు కనుక, చేవ గల కర్రను చెక్కి, దూలం మీది రివెట్లకు తగినట్టు గాడి తీసి కూర్చోబెట్టేవారు. ఉక్కు చానల్ స్లీపర్లు వాటి స్థానాన్ని ఆక్రమించడంతో, ఒక్కో దూలానికి ఒక్కో కొలత తీసి కర్రను అమర్చే ఆ పనితనం కూడా వెళ్లిపోతోంది. దాన్ని చేసిన విశ్రాంత ట్రాక్‌మెన్, మేస్త్రీలు ఇంకా ఈ పల్లెల్లో ఉన్నారు. ఇంజనీరింగు పుస్తకాలలో ఒక వాక్యానికి మించి చోటు దొరకని వారి విద్యను రాసిపెట్టుకోవడానికి మిగిలిన గడువు ఎక్కువ కాదు.

నమోదు లేని వంతెన గతి ఎలా ఉంటుందో ఈ జిల్లా ఈమధ్యనే చూసింది. 2023 మే నెలలో ఇచ్ఛాపురం వద్ద బాహుదా నది మీది బ్రిటిష్ కాలపు రోడ్డు వంతెన, భారీ గ్రానైటు రాయితో వెళుతున్న లారీ కింద కూలిపోయింది. అది రైల్వే ఆస్తి కాదు, ఆ తప్పు తమ కార్యాలయానిది కాదు. కానీ ఎంత బరువు మోయగలదో ఎవరికీ పట్టని నిర్మాణం చివరికి వార్తగానే గుర్తుండిపోతుందన్నది అక్కడ రుజువైంది. పలాసకు ఉత్తరాన మందస రోడ్డు, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లు ఖుర్దా రోడ్డు డివిజన్‌లో ఉండిపోయినందున, ఈ ప్రాంతపు వంతెనల కాగితాల కోసం వెతికేవారు ఇకపై మూడు డివిజన్ల గుమ్మాలు ఎక్కాలి.

ఈ కారణాల వల్ల, దస్త్రాలను పంచుకునే ముందు నౌపడ–గుణుపురం మార్గపు 90 కిలోమీటర్లకూ సంబంధించిన పాత పటాలు, బ్రిడ్జి రిజిస్టర్లు, గేజి మార్పిడి నాటి కొలతల పుస్తకాలు అన్నింటినీ అవిభక్తంగా స్కాన్ చేయించి, ప్రతులను రెండు డివిజన్లలోనూ, ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనూ ఉంచడం న్యాయం. భద్రతకు సంబంధించిన వివరాలను మినహాయించి మిగిలినది పరిశోధకులకు తెరిచి ఉంచడంలో చిక్కు లేదు. కొత్త కట్ట పాత కట్ట మీదనే పడిన చోట పాత దిమ్మలు పోయి ఉంటాయి, దారి పక్కకు జరిగిన చోట నిలిచి ఉంటాయి. అలా మిగిలినవాటిని తుక్కు వేలంలో చేర్చకముందే ఫొటోలతో, కొలతలతో నమోదు చేయాలి. నూరేళ్లు దాటిన నిర్మాణాలను ప్రాచీన కట్టడాలుగా పరిగణించడానికి 1958 నాటి కేంద్ర చట్టం వీలిస్తున్నది, 1900 నాటి దిమ్మలకు ఆ వయసు ఎప్పుడో నిండింది. వాటిలో గట్టిగా ఉన్న ఒకదాన్ని కాలిబాటకు ఉపయోగపడేలా ఉన్నచోటనే ఉంచితే చాలు. రంగు దీపాలు, సెల్ఫీ చట్రాలు దానికి అక్కరలేదు. సంఖ్య, కట్టిన ఏడు, వరద మట్టం కనిపిస్తే సరిపోతుంది.

పని నౌపడ–టెక్కలి మధ్యనున్న చిన్న వంతెనలతో మొదలుపెట్టి, వచ్చే వానాకాలం తరువాత జరిగే వార్షిక తనిఖీలో ఇంజనీర్ల వెంట విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు కూడా నడవడానికి అనుమతి ఇవ్వగలరని, ఆ మేరకు ఉత్తర్వు వెలువరించగలరని ఈ ప్రాంతం ఎదురుచూస్తున్నది.

ఇట్లు,
టెక్కలి ప్రాంత పౌరుడొకరు