కత్తెర కంటే గొంతు ప్రమాదం (తెర మీద చదువు – 9)



యానిమే చూసే కుర్రాళ్ళు ఇద్దరు కలిస్తే ఒక వాదన తప్పదు. టీవీ వాళ్ళు ఎన్ని నిమిషాలు కోశారు, ఏ సీన్‌లో రక్తం తీసేశారు, ఏ పాట ఎగరగొట్టారు? ఈ లెక్కలు అవసరమే. కానీ టీవీ ఎడిటింగ్ ఒక కథకు చేసే పెద్ద నష్టం కోతలో ఉందని నేననుకోను. కోసిన చోట ఖాళీ మిగులుతుంది. ఒరిజినల్ పక్కన పెడితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఒక్క బొమ్మ కూడా తీయకుండా ఆ బొమ్మ మీద వినిపించే మాటను మార్చారనుకోండి. ఏదీ పోయినట్టు కనిపించదు. అడిగేవాడూ ఉండడు.

"కార్టూన్ల మీద ఇంత రాయాలా అన్నా?" అని కొందరు విద్యార్థులు అడుగుతున్నారు. రాయాలి తమ్ముడూ. హీరో ఎవరు, దొంగ ఎవరు, ఈ నేల ఎవరిది అన్న పాఠం మన పిల్లలకు బడికంటే ముందు తెర మీదే మొదలవుతోంది. జపాన్‌లో పుట్టి అమెరికా టీవీకి వెళ్ళిన సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళ కథ ఇందుకు మంచి ఉదాహరణ.

ముందు గచ్చమన్ సంగతి. తత్సునోకో సంస్థ తీసిన ఈ సీరియల్ 1972 నుంచి 1974 దాకా జపాన్‌లో 105 ఎపిసోడ్లు వచ్చింది. పక్షుల వేషాల్లో ఉండే ఐదుగురు, గలాక్టర్ అనే ముఠాతో పోరాడతారు. ఆ పోరాటం ఎక్కువగా ఈ భూమి మీదే జరుగుతుంది. ఊళ్ళు కూలతాయి. మనుషులు చచ్చిపోతారు. శాండీ ఫ్రాంక్ అనే అమెరికన్ దీని హక్కులు కొని, 1978లో 'బ్యాటిల్ ఆఫ్ ది ప్లానెట్స్' అనే పేరుతో 85 ఎపిసోడ్లు చేసి టీవీకి ఎక్కించాడు. అప్పటికి అక్కడ పిల్లల కార్యక్రమాల్లో హింస మీద తల్లిదండ్రుల ఉద్యమం గట్టిగా నడుస్తోంది. ఇంకోపక్క 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా అంతరిక్షాన్ని డబ్బుల పంటగా మార్చేసింది.

కొట్లాటలు కోశారు, నిజమే. అయితే కూలే ఊళ్ళన్నీ కోసేస్తే కథే మిగలదు. అందుకని ఒక కొత్త రోబోను అమెరికాలోనే గీయించి మధ్యమధ్యలో అతికించారు. దాని పేరు సెవెన్ జార్క్ సెవెన్. అది సముద్రం అడుగున కూర్చుని మనకు ధైర్యం చెబుతూ ఉంటుంది. ఇది భూమి కాదు, వేరే గ్రహం. ఆ ఊరిని ముందే ఖాళీ చేయించారు. కూలిన విమానాల్లో ఉన్నవి మరమనుషులు. బొమ్మలో చూస్తే అవే రోడ్లు, అవే ఇళ్ళు, మనలాంటి మనుషులే. పేరు మాత్రం ఏదో దూరపు గ్రహానిది.

గలాక్టర్ నాయకుడు బెర్గ్ కట్సె ఒకే దేహంలో ఆడా మగా అయిన మనిషి. అమెరికా టీవీకి అది మింగుడుపడలేదు. ఆడరూపంలో కనిపించిన చోట "ఆమె అతని చెల్లెలు" అన్నారు. మన ట్రాన్స్ కామ్రేడ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఉన్న మనిషిని చెరిపేయలేనప్పుడు ఇద్దరిగా చీల్చి లెక్క సరిచేస్తారు.

పసిపిల్లలకు నెత్తురు చూపించక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. చావును చూపించకపోవడం వేరు, చూపించి "ఎవరూ చావలేదు" అనడం వేరు. మొదటిది జాగ్రత్త. రెండోది అబద్ధపు సాక్ష్యం.

ఇంతకంటే లోతైన మార్పు 1985లో జరిగింది. ఆ ఏడాది అమెరికా టీవీకి 'రోబోటెక్' వచ్చింది. హార్మొనీ గోల్డ్ అనే సంస్థకు కార్ల్ మేసెక్ తయారుచేసి పెట్టాడు. అసలు అతని దగ్గర ఉన్నది 'మాక్రాస్' అనే సీరియల్, 36 ఎపిసోడ్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వేసే స్లాట్‌కు అక్కడ మామూలుగా 65 ఎపిసోడ్లు కావాలి. వారానికి ఐదు చొప్పున పదమూడు వారాలు. అందుకని తత్సునోకో నుంచే వచ్చిన ఇంకో రెండు సీరియళ్ళు తెచ్చారు. 'సదరన్ క్రాస్' 23, 'మోస్పీడా' 25. ఈ మూడింటికీ కథలో ఏ సంబంధమూ లేదు. మనుషులు వేరు, కాలం వేరు, శత్రువులు వేరు. మూడింటినీ ఒకే వంశం మూడు తరాల కథలాగా కుట్టారు. మధ్యలో అతుకు కోసం పాత బొమ్మలతోనే ఇంకో ఎపిసోడ్ చేశారు. మొత్తం 85.

సదరన్ క్రాస్ దగ్గర కొంచెం ఆగుదాం.

జపాన్‌లో 1984లో వచ్చిన ఆ కథ భూమి మీద జరగదు. గ్లోరీ అనే గ్రహం మీద జరుగుతుంది. మనుషులు అక్కడికి వలస వెళ్ళి స్థిరపడ్డారు. ఒకరోజు ఆకాశంలో జోర్ అనే జాతి ఓడలు దిగుతాయి. వాళ్ళు ఎవరు? ఆ గ్రహం మీద ముందు నుంచీ బతికినవాళ్ళు. ఎప్పుడో యుద్ధాల్లో దాన్ని పాడుచేసుకుని వదిలిపోయి, ఇప్పుడు తిరిగొచ్చారు. అంటే మనం ఎవరి పక్షాన నిలబడి చూస్తున్నామో ఆ మనుషులే అక్కడ బయటివాళ్ళు. తుపాకీ పట్టుకున్న ప్రతిసారీ ఆ ప్రశ్న వెనకే ఉంటుంది. ఈ నేల మీద ఎవరికి హక్కుంది?

రోబోటెక్‌లో గ్లోరీ లేదు. అవే బొమ్మల మీద "ఇది భూమి" అన్నారు, అంతే. ఆ ఒక్క మాటతో సొంత నేలకు తిరిగొచ్చినవాళ్ళు దండయాత్రకు వచ్చినవాళ్ళయ్యారు. వలస వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మూలవాసులయ్యారు. ఒక్క ఫ్రేము గీయకుండా భూమి పట్టా చేతులు మారింది.

పేర్లు చూడండి. జోర్ అసలు కథలో ఒక జాతి పేరు. రోబోటెక్‌లో అది ఒక శాస్త్రవేత్త పేరు. మరి ఆ జాతిని ఏమన్నారు? 'రోబోటెక్ మాస్టర్స్' అన్నారు. యజమానులు! మాక్రాస్‌లో జెంట్రాడీ అనే రాక్షసకాయుల సైన్యం ఉంటుంది. యుద్ధం కోసమే పుట్టించిన మనుషులు. వాళ్ళను పుట్టించింది ప్రోటోకల్చర్ అనే పాత జాతి. రోబోటెక్‌లో ఆ నేరాన్ని తెచ్చి, దానితో ఏ సంబంధమూ లేని జోర్‌ల మెడకు తగిలించారు. మరి ప్రోటోకల్చర్ ఏమైంది? యంత్రాలు నడిపే ఇంధనం అయింది. ఒక జాతి పేరు ఒక్క మనిషి పేరైపోయింది. ఇంకో జాతి పేరు తవ్వుకుని వాడుకునే సరుకైపోయింది.

జోర్‌లు అమాయకులని నేను అనడం లేదు. వాళ్ళలో వాళ్ళకే పైవాళ్ళు, కిందివాళ్ళు ఉన్నారు. పైన ముగ్గురేసి పెద్దలు కూర్చుని మిగతావాళ్ళ బతుకులు నిర్ణయిస్తారు. అంబేద్కరైట్ ఎవరూ దాన్ని వెనకేసుకు రారు. కానీ లోపల అన్యాయం ఉన్న జాతికి నేల మీద హక్కు ఉంటుందా లేదా అన్నది మనం తల బద్దలు కొట్టుకోవాల్సిన ప్రశ్న. రోబోటెక్ ఆ ప్రశ్నకు తప్పు జవాబు ఇవ్వలేదు. ప్రశ్నే లేకుండా చేసింది.

మేసెక్‌ను దొంగ అని తిట్టి ఊరుకుంటే మన పని సులువే. అలా తిట్టడం న్యాయం కాదు. అమెరికన్ కార్టూన్లలో ఎవరూ చావని కాలంలో అతను రాయ్ ఫోకర్ చావును ఉంచాడు. రాయ్ ప్రేమించిన క్లాడియా నల్లజాతి అధికారిణి. ఆ ప్రేమను దాచలేదు. మాక్రాస్‌లో మాక్స్ అనే మనిషి, మిలియా అనే జెంట్రాడీ యోధురాలు పెళ్ళి చేసుకుంటారు. రెండు శత్రుజాతుల మధ్య పెళ్ళి. దాన్నీ ఉంచాడు. అంతేకాదు, సదరన్ క్రాస్ నాయికను ఆ ఇద్దరి కూతురుగా మార్చాడు. డానా స్టెర్లింగ్. ఆమె దళంలోని బౌవీని క్లాడియా మేనల్లుడిని చేశాడు. జాతులు కలిసిన పెళ్ళికి పుట్టిన పిల్ల పిల్లల టీవీలో హీరోయిన్ అయింది. ఇది చిన్న విషయం కాదు. కులాంతర పెళ్ళి చేసుకున్నవాళ్ళను నడిరోడ్డు మీద నరికే నేల నుంచి రాస్తున్నాను కాబట్టి దాని విలువ నాకు తెలుసు.

అయినా ఆ అమ్మాయి ఎవరి మీద యుద్ధం చేస్తోంది? నేల పోగొట్టుకుని తిరిగొచ్చినవాళ్ళ మీద. ఆ సంగతి ఆమెకూ తెలియదు, చూసే పిల్లలకూ తెలియదు. తెర మీద మనవాళ్ళ ముఖం కనబడితే చాలని మనలో కొందరు సంబరపడతారు. ముఖం ఇచ్చి కథ తీసుకుపోతే ఏం చేస్తారు?

ఈ పని టీవీ స్టూడియోలోనే జరగదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. రోబోటెక్ అమెరికాలో మొదలైంది కూడా ఆ ఏడాదే. కాలం కలిసిందని తప్ప ఆ రెండిటికీ సంబంధం లేదు. కానీ అలాంటి దాడి జరిగిన ప్రతిసారీ "రెండు వర్గాల మధ్య ఘర్షణ" అనే మాట ఎలా వస్తుందో మీకు తెలుసు. శవాలను ఎవరూ దాచరు. ఫోటో కూడా వేస్తారు. కింద రాసిన ఆ ఒక్క మాట దాడిని ఘర్షణ చేస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని పెద్దకులం వాడు దున్నుకుంటుంటే అది "సాగు". పట్టా పట్టుకుని దళితులు అదే చేలో దిగితే "అక్రమ ప్రవేశం". చేను అదే, గట్టు అదే. మారింది ఆ మాటే.

మన పెద్దలకు ఇది ఎప్పుడో తెలుసు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగింది. పిలిచింది పంచమ మహాజన సభ అని. అక్కడ కూర్చున్నవాళ్ళు పంచములనే పేరే మాకొద్దన్నారు. ఆది ఆంధ్రులం అన్నారు. ఆ 'ఆది'లో ఏముంది? ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నది మేమే అన్న దావా ఉంది. ఎవరో పెట్టిన డబ్బింగ్ తీసేసి తమ గొంతు తామే పెట్టుకున్నారు. 1920లో బాబాసాహెబ్ పత్రిక పెట్టి దానికి 'మూక్ నాయక్' అని పేరు పెట్టడం వెనకా ఇదే ఉంది. బొమ్మలో మనం ఎప్పుడూ ఉన్నాం. మాటే మనది కాదు.

కాబట్టి స్టడీ సర్కిల్ నడిపే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని. ఈసారి ఏదైనా సీరియల్ ఎపిసోడ్ గానీ, వార్తా చానల్ క్లిప్ గానీ పెట్టండి. మొదట సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. ఎవరు ఎవరి మీదికి వస్తున్నారు, ఎవరి ఇల్లు కాలుతోంది, ఎవరు పారిపోతున్నారు, కాగితం మీద రాసుకోండి. తర్వాత సౌండ్ పెట్టి మళ్ళీ చూడండి. రెండూ ఎక్కడ విడిపోతున్నాయో అక్కడ ఆపి చర్చ మొదలుపెట్టండి. సదరన్ క్రాస్ సబ్‌టైటిళ్ళతో దొరికితే ఒక ఎపిసోడ్, దానికి రోబోటెక్‌లో వచ్చిన ఎపిసోడ్ పక్కపక్కన వేయండి. ఒక సాయంత్రం చాలు.

వచ్చే భాగంలో మన డబ్బింగ్ సినిమాల్లో ఊరి యాస ఎవరి నోట్లో పెడుతున్నారో మాట్లాడుకుందాం.

జై భీమ్.