పటింగ్ సెన్సర్ కొనే ముందు రెండు ఎరేజర్లు తీసుకోండి

గోల్ఫ్ గ్యాడ్జెట్లు ఇప్పుడు మన ఫీడ్స్‌లోకి కూడా వచ్చేశాయి. పటర్ గ్రిప్‌కి తగిలించే సెన్సర్, స్ట్రోక్‌కి మార్కులేసే యాప్, ఏఐ కోచ్... అన్నీ చెప్పేది ఒకటే: మేం కొలుస్తాం, మీరు బాగుపడతారు. నా అభిప్రాయం వేరు. టైమింగ్ కొలవడానికి మీ జేబులో ఉన్న ఫోన్ చాలు. యాంగిల్ కొలవడానికి మాత్రం ఫోన్ పనికిరాదు, గ్రిప్ సెన్సర్ సగమే చెప్తుంది. ఆ పనికి రెండు ఎరేజర్లు బెస్ట్. ఎందుకో లెక్కలతో చూద్దాం.

అసలు సమస్య ఒక్క డిగ్రీ

పటింగ్ అంటే గ్రీన్ మీద బంతిని దొర్లించి హోల్‌లో వేయడం. చూడ్డానికి ఇంతకంటే ఈజీ షాట్ ఉండదు. కానీ అమెరికా పీజీఏ టూర్ ప్రొఫెషనల్స్ కూడా 8 అడుగుల నుంచి దాదాపు సగం సార్లే వేయగలుగుతారు.

హోల్ వ్యాసం 4.25 అంగుళాలు. 10 అడుగుల పట్‌లో బంతి 1 డిగ్రీ పక్కకి బయల్దేరితే, హోల్ దగ్గరికొచ్చేసరికి సుమారు 2.1 అంగుళాలు తప్పుతుంది. అంటే సరిగ్గా హోల్ అంచు. ఇంకొంచెం పక్కకి పోతే మిస్సే. బంతి ఎటు బయల్దేరాలన్నది ఎక్కువగా డిసైడ్ చేసేది, అది తగిలే క్షణంలో పటర్ ఫేస్ ఎటు చూస్తోందన్నదే. పటర్ ఊగే దారి ప్రభావం దానికంటే చాలా తక్కువ. కాబట్టి ఏ గ్యాడ్జెట్‌నైనా ముందు అడగాల్సిన ప్రశ్న: ఒక్క డిగ్రీ తేడాని పట్టుకోగలవా?

ఫోన్ కెమెరా ఫెయిలయ్యేది ఇక్కడే

240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య 4.2 మిల్లీసెకన్లు. పటర్ సెకనుకు 1.2 మీటర్ల వేగంతో కదిలితే ఆ గ్యాప్‌లో 5 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. పటర్, బంతి ఒకదాన్నొకటి తాకి ఉండేది మిల్లీసెకను లోపే. అంటే మీకు కావాల్సిన ఆ క్షణం చాలాసార్లు రెండు ఫ్రేముల మధ్య పోతుంది.

ఇక రిజల్యూషన్. పైనుంచి 1080పీలో తీస్తూ ఫ్రేమ్‌లో ఒకటిన్నర మీటర్ల వెడల్పు పట్టేలా పెడితే, ఒక్కో పిక్సెల్ దాదాపు 0.8 మి.మీ. 10 సెం.మీ. పొడవున్న పటర్ ఫేస్ 1 డిగ్రీ తిరిగితే, ఆ చివరికీ ఈ చివరికీ వచ్చే తేడా 1.75 మి.మీ. రెండంటే రెండు పిక్సెళ్లు! దాని మీద మోషన్ బ్లర్, రోలింగ్ షటర్, వీడియో కంప్రెషన్. ఇలాంటి వీడియో చూసి ఒక యాప్ "0.4 డిగ్రీలు ఓపెన్" అంటే ఆ దశాంశం అలంకారమే.

960 ఎఫ్‌పీఎస్ ఉంది కదా అంటారా? 2018లో వచ్చిన గెలాక్సీ ఎస్9లో అది 720పీకే పరిమితం, అదీ 0.2 సెకను మాత్రమే. ఇంకొన్ని ఫోన్లు మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేర్‌తో పుట్టిస్తాయి. పుట్టించిన ఫ్రేమ్‌ని కొలవడమంటే ఊహని కొలవడమే.

ఫోన్ పాసయ్యేది టెంపోలో

పటర్ వెనక్కి వెళ్లడానికి పట్టే టైమ్, ముందుకొచ్చి బంతిని తాకడానికి పట్టే టైమ్... మంచి పటర్లలో ఈ నిష్పత్తి సుమారు 2:1 అని కోచ్‌లు చెప్తారు. ఇది కొలవడం ఫోన్‌కి చిటికెలో పని. వెనక్కి 144 ఫ్రేములు, ముందుకి 72 వచ్చాయనుకోండి. ఒక ఫ్రేమ్ అటూ ఇటూ అయినా ఎర్రర్ రెండు శాతం కూడా ఉండదు.

ఫోన్‌ని కింద, పక్క నుంచి, కదలకుండా పెట్టండి. పగటి వెలుతురులో తీయండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే స్లో మోషన్‌లో ఫ్లికర్ వస్తుంది. పది పట్లు తీసి ఫ్రేములు లెక్కపెట్టండి. కచ్చితంగా 2:1 వచ్చిందా అన్నదానికంటే, పదిసార్లూ ఒకేలా వచ్చిందా అన్నది చూడండి.

సెన్సర్ చెప్పని సగం

గ్రిప్ చివర పెట్టే సెన్సర్‌లో ఉండేది జైరోస్కోప్, యాక్సెలరోమీటర్. జైరోకి తెలిసేది ఎంత తిరిగిందన్నదే. హోల్ ఎటుందో దానికి తెలీదు. మీరు నిలబడినప్పుడే 2 డిగ్రీలు కుడికి గురిపెట్టి, స్ట్రోక్ నీట్‌గా కొట్టారనుకోండి. సెన్సర్ సున్నా చూపించి శభాష్ అంటుంది, బంతి మాత్రం బయటికి పోతుంది. సామ్ పట్‌ల్యాబ్ లాంటి అల్ట్రాసౌండ్ సిస్టమ్స్, క్విన్‌టిక్ లాంటి హైస్పీడ్ కెమెరా సిస్టమ్స్ వేరే లెవెల్. కానీ అవి ఇంట్లో పెట్టుకునేవి కావు, స్టూడియోకి వెళ్లి ఒక సెషన్ తీసుకునేవి.

ఎరేజర్ గేట్

బంతి వ్యాసం 42.67 మి.మీ. బంతికి 50 సెం.మీ. ముందు, రెండు ఎరేజర్ల మధ్య 6 సెం.మీ. ఖాళీ ఉండేలా పెట్టండి. హోల్, గేట్ మధ్యభాగం, బంతి ఒకే గీత మీద ఉండాలి. ఇప్పుడు బంతికి రెండు పక్కలా మిగిలేది సుమారు 8.7 మి.మీ. ఆ దూరంలో అది సరిగ్గా 1 డిగ్రీ! తగలకుండా దాటితే పాస్, తగిలితే ఫెయిల్. గురి, ఫేస్, దారి అన్నీ కలిపిన రిజల్ట్ ఇది. ఛార్జింగ్ అక్కర్లేదు, సబ్‌స్క్రిప్షన్ అసలే లేదు. కుడిచేతి ఆటగాడు పదే పదే ఎడమ ఎరేజర్‌కే కొడుతుంటే ముందు అనుమానించాల్సింది ఫేస్ మూసుకుపోవడాన్ని.

దీనికీ లిమిట్ ఉంది. స్పీడ్ గురించి గేట్ ఏమీ చెప్పదు. ఒకప్పుడు నాసాలో పనిచేసిన కోచ్ డేవ్ పెల్జ్ లెక్క ప్రకారం, మిస్సయిన బంతి హోల్ దాటి సుమారు 17 అంగుళాల దూరంలో ఆగే స్పీడ్ బెస్ట్. ఆ ఫీల్ ఇంట్లో మ్యాట్ మీద రాదు, నిజం గ్రీన్ మీదే వస్తుంది.

నా వర్డిక్ట్: టెంపోకి ఫోన్, డైరెక్షన్‌కి ఎరేజర్లు, స్పీడ్‌కి గ్రీన్. గేట్‌లో వరసగా ఇరవై పట్లు దాటించాక కూడా సెన్సర్ కావాలనిపిస్తే కొనుక్కోండి. అంతవరకు ఆ డబ్బుతో ఒక మంచి కోచ్ దగ్గర గంట గడపండి. స్క్రీన్ మీద స్కోర్ పెరగడం వేరు, బంతి హోల్‌లో పడటం వేరు.