ఆటల ముచ్చట: ఇద్దరి మధ్యా పడ్డ షటిల్

పిల్లలూ! మీరు ఇద్దరిద్దరు జోడీ కట్టి షటిల్ ఆడుతూ వుంటారు గదా! షటిల్ సరిగ్గా మీ ఇద్దరి మధ్యా వచ్చి పడుతుంది. "నువ్వు కొడతావనుకున్నా" నని ఒకరంటే, "నువ్వే కొడతావనుకున్నా" నని రెండోవారంటారు. పాయింటు మాత్రం అవతలివాళ్ళకు పోతుంది. ఒకొక్కప్పుడు ఇద్దరూ ఒకేసారి పరుగెత్తి, బ్యాటుకు బ్యాటు కొట్టుకోవటమూ కద్దు. ఇలాటి చిక్కు పెద్ద ఆటగాళ్ళకు వుండదనుకోకండి.

కోనసీమలోని అమలాపురంలో 2000 సంవత్సరంలో పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ సంగతే చూడండి. అతని బలమంతా కోర్టు వెనకనుంచి కొట్టే స్మాష్‌లో వున్నది. 2023లో జపానులో కొలిచి చూస్తే, అతను కొట్టిన షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది! (ఈకలకు గాలి అడ్డం తగలటంవల్ల ఆ వేగం చప్పున తగ్గిపోతుందిలెండి. లేకపోతే దాన్ని తిరిగి కొట్టేదెవరు?) మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హెర్ ఇతనికి ముంబయి కుర్రవాడు చిరాగ్ శెట్టిని జోడీ చేశాడు. తీరా చూస్తే చిరాగ్ కూడా వెనకనుంచి బలంగా కొట్టేవాడే! మరి వల దగ్గిర ఎవరు నిలబడాలి?

అసలు అక్కడ మనిషి ఎందుకు? సింగిల్స్ కోర్టు వెడల్పు 17 అడుగులు. అంతా ఒక్కరే కాచుకోవాలి గనక, అవతలివాళ్ళను నాలుగు మూలలకూ తిప్పితే ఖాళీ దొరుకుతుంది. డబుల్స్‌లో వెడల్పు పెరిగేది 3 అడుగులే, మనుషులు మాత్రం రెట్టింపు! ఖాళీ అంత సులువుగా దొరకదు. అందుచేత షటిల్‌ని కిందికి కొట్టే అవకాశం ఏ జోడీకి దక్కితే వారిదే పైచెయ్యి. వెనకనుంచి ఒకరు స్మాష్ కొడతారు. అవతలివారు ఎలాగో బ్యాటు అడ్డం పెడితే, షటిల్ వల దాటి అక్కడే పడబోతుంది. మీ జోడీ అక్కడ బ్యాటు ఎత్తి సిద్ధంగా వుంటే, ఒక్క తట్టుతో పని అయిపోతుంది. చూసేవాళ్ళు స్మాష్‌కే చప్పట్లు కొడతారు గాని, నన్నడిగితే అందులో సగం ముందున్నవారివి.

మీరే షటిల్‌ని పైకి లేపారనుకోండి. అప్పుడు ముందూ వెనకా నిలబడితే రెండు పక్కలూ ఖాళీ. వెంటనే చెరొక పక్కకు సర్దుకుని, తలా 10 అడుగులు కాచుకోవాలి. మరి మధ్యకు వచ్చిన షటిల్? అవతల కొట్టేవారికి ఐమూలగా వున్నవారు దాన్ని తీసుకోవటం మంచి పద్ధతి. ఎందుకంటే, తిన్నగా ఎదురుగా వున్నవారు పక్కగీతను కాచుకోవాలి. టెన్నిస్‌లో అయితే, ఇద్దరూ కుడిచేతివాటంవాళ్ళే అయినప్పుడు, మధ్యబంతిని సాధారణంగా ఎడమవైపు వున్నవారికి వదులుతారు. వారి ఫోర్‌హ్యాండు మధ్యకు వుంటుంది గనక.

చిరాగ్ వల దగ్గిర ఆట నేర్చుకున్నాడు. సాత్విక్ ఎక్కువగా వెనక వుంటాడు, అవసరమైతే ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. 2023 అక్టోబరు 7న చైనాలోని హాంగ్‌జౌలో, ఆసియా క్రీడల ఫైనల్లో ఈ జోడీ కొరియావాళ్ళను 21-18, 21-16తో ఓడించింది. బ్యాడ్మింటన్‌లో అంతకుముందు మన దేశానికి ఆసియా క్రీడల బంగారు పతకం ఒక్కటీ రాలేదు!

రేపు ఆడేటప్పుడు, స్మాష్ బాగా కొట్టేవారిని పది పాయింట్లదాకా వల దగ్గిర నిలబెట్టి చూడండి. పొద్దున్నే ఆడుకోండి సుమా! మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే 5 గ్రాముల షటిల్ ఎవరి మాటా వినదు. డబుల్స్‌లో సర్వీసు పొట్టిగా ఎందుకు చేస్తారో వచ్చే నెల చెబుతాను.